పరదేశంలో సెలవు దినాలు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల క్రితం కార్యదర్శిగారు మా బడికి వచ్చి, "మాస్టర్ సాబ్, గల్ఫు జీతాల సంగతి, వీసాల సంగతి ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే వున్నారు. మీరు అక్కడి సెలవుల సంగతి చెప్పండి. పిల్లలు సరదాగా వింటారు" అన్నారు. సరేనన్నాము. ఉర్దూలో అయితే గంటసేపయినా మాట్లాడగలము గాని తెలుగులో మాట్లాడమన్నారు. తప్పులు దొర్లితే మన్నించాలి. బడిలో కూడా మా తెలుగును మా పిల్లలే దిద్దుతుంటారు.

ఈ మధ్య మన పిల్లల నోట "లాంగ్ వీకెండ్" అన్న మాట వింటున్నాము. అమెరికాలో వున్నవారు నేర్పిన మాట ఇది. ఆ దేశంలో 1968లో ఒక చట్టం చేసి, 1971 నుండి కొన్ని జాతీయ సెలవులను ఏ తేదీన వచ్చినా సరే సోమవారానికి జరిపారు. శని, ఆది, సోమ మూడు రోజులు వరుసగా కలిసి వస్తే జనం ఊళ్ళకు పోతారు, తిరుగుతారు, ఖర్చు పెడతారు. సెలవును కూడా ఇటుక వలె పక్క ఇటుకకు ఆనించి పెట్టుకోవచ్చునని వారికి తోచింది. మంచి ఆలోచనే.

అయితే సెలవు దినం అన్నది దేశాన్ని బట్టి మారుతుందని తెలుసుకోవడానికి మనవారు అమెరికా పోనక్కరలేదు, అరబ్బు దేశమూ పోనక్కరలేదు. గోదావరి దాటితే చాలు. ఇక్కడి కుర్రవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు గనుక చెబుతున్నాము. నిజాం రాజ్యంలో కచేరీలకు, బడులకు వారపు సెలవు శుక్రవారం. ఖమ్మం, పాల్వంచ, బూర్గంపాడు అన్నీ ఆ రాజ్యంలోనివే. అవతలి ఒడ్డున భద్రాచలం 1860లో ఇంగ్లీషువారి చేతికి పోయింది, తరువాత మద్రాసు రాజధానిలో చేరింది. అక్కడ సెలవు ఆదివారం. పైసలు కూడా వేరు. ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్ రూపాయి. మా దాదా పడవ మీద గాజులు తీసుకుపోయి అవతలి ఒడ్డున అమ్మేవారు. "శుక్రవారం ఇక్కడ కచేరీ మూత, ఆదివారం అక్కడ కచేరీ మూత, మధ్యలో శనివారం ఒక్కటే రెండు ఒడ్లకూ పనికొచ్చేది" అని నవ్వేవారట. 1948 తరువాత ఇటు కూడా ఆదివారమే వచ్చింది. 1959లో భద్రాచలం మన ఖమ్మం జిల్లాలో కలిసింది, 1965లో వంతెన పడింది. 2014లో మళ్ళీ ఏడు మండలాలు ఆంధ్రలోకి పోయాయి. ఈ సరిహద్దు ఎన్నడు కుదురుగా వుంది గనుక!

దాదా తరువాత మా అబ్బా కూడా గాజుల మలారమే మోశారు. వారంలో ఆరు రోజులు అడవి పల్లెల సంతలు. సంత రోజు కోయవారికి పనిదినమా, సెలవా అంటే చెప్పడం కష్టం. ఇప్పపువ్వు, చింతపండు తెచ్చి అమ్ముకుంటారు, ఉప్పు, గుడ్డలు కొంటారు, చుట్టాలను కలుస్తారు, వియ్యాల మాటలు కూడా అక్కడే. శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలంలో దుకాణం వేసేవారు. నవమి కల్యాణానికి వచ్చిన ఆడవారికి గాజులు తొడిగి తొడిగి అబ్బా వేళ్ళు వాచేవి. ఎన్ని సంతలున్నా శుక్రవారం మాత్రం మలారం దించేవారు. ఆ రోజు స్నానం, ఇస్త్రీ కుర్తా, అత్తరు, మసీదు, వచ్చాక దాల్చా, అన్నం. మాకు శుక్రవారం అంటే ఇంట్లో అబ్బా వుండే రోజు.

ఇక అసలు సంగతికి వస్తాము. ఉద్యోగం రాక ముందు, 2011 నుండి 2014 వరకు, మేము రియాద్‌లో ఒక గోదాములో లెక్కలు రాశాము. పోయినప్పుడు మనసులో ఒక సంతోషం వుండేది. మన దేశంలో ఆదివారం సెలవు, శుక్రవారం జుమా కోసం పై అధికారిని అడుక్కోవాలి. అక్కడ శుక్రవారం సెలవు దేశమంతటికీ వుంటుంది గదా అని. అప్పట్లో సౌదీలో గురు, శుక్రవారాలు సెలవులు. బుధవారం సాయంత్రమంటే మన శనివారం సాయంత్రం వలె వుంటుంది. మొదటి నెల మాకు ఏ రోజు ఏమిటో తెలియలేదు. శనివారం పొద్దున లేచి పనికి పోతుంటే బడికి ఆదివారం పోతున్నట్టు వుండేది.

ఇంకొకటి కూడా తెలిసివచ్చింది. రెండు రోజుల సెలవు కచేరీలకు, బ్యాంకులకు. మా గోదాముకు గురువారం ఒంటిపూట పని, శుక్రవారం మాత్రమే పూర్తి సెలవు. సూరయే జుమాలో అయితే నమాజు ముగిశాక లోకంలోకి పోయి అల్లాహ్ ప్రసాదించే జీవనోపాధిని వెతుక్కోమనే వుంది. ఆ రోజంతా పని మానుకోవాలన్న నియమం మనకు లేదు. ఈ మాట అక్కడి మా గదిలో అన్నందుకు కడప డ్రైవరు భాయి మాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకు వారమంతటిలో నిద్ర దొరికేది శుక్రవారమొక్కటే మరి.

సెలవు రోజు సాయంత్రం అందరమూ బత్‌హా పోయేవారము. రియాద్‌లో పాత బజారు అది. ఎవరెవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు, కాని అందరికీ తెలుసు. కేరళవారు ఒక సందులో, బంగ్లావారు ఒక మూలన, నిజామాబాదు, కరీంనగరువారు ఒక హోటలు ముందు. మన ఖమ్మంవారు తక్కువ. అందుకని మేము కరీంనగరువారిలో కలిసిపోయేవారము. కొనేది పెద్దగా ఏమీ వుండదు. నిలబడతారు. ఊరి కబురు చెప్పుకుంటారు. ఎవరైనా సెలవు మీద ఊరికి పోతుంటే వారి చేతికి మూట ఇస్తారు, వచ్చినవారి దగ్గర నుండి అవ్వ పంపిన పచ్చడి తీసుకుంటారు. మా దాదా చెప్పిన పడవ రేవు, అబ్బా తిరిగిన కోయ సంత, ఈ బత్‌హా అన్నీ ఒకటేనని మాకు చాలాసార్లు తోచింది.

అక్కడివారి సెలవు వేరు. వారు ఊరి బయట ఇస్తిరాహా అని గోడ కట్టిన తోట ఇల్లు ఒక రాత్రికి అద్దెకు తీసుకుంటారు. నలుగురైదుగురు అన్నదమ్ముల సంసారాలు పిల్లాపాపలతో పోతాయి. చలికాలంలో అయితే ఎడారిలో గుడారాలు వేస్తారు. రియాద్‌కు ఉత్తరాన సుమామా అనే చోట ఆ రోజుల్లో చూడాలి, ఇసుక మీద కార్లు, మంటలు, కబ్సా, ఖహ్వా. ఎడారిలో పుట్టి పట్నంలో పెరిగినవారు మళ్ళీ గుడారం కోసం పోతారు. మన పట్నంవారు కిన్నెరసాని చూడడానికి వచ్చినట్టే. ఒక శీతాకాలం మా గోదాము యజమాని తమ్ముడు మమ్ములను కూడా తీసుకుపోయాడు, సామాను దించడానికి. దించిన తరువాత కూర్చోమన్నాడు, ఒకే పళ్ళెంలో తిన్నాము. ఆ రాత్రి చుక్కలు చూసి మా అడవి గుర్తుకు వచ్చింది. చెడు చెప్పేటప్పుడు మంచి దాచకూడదు గనుక ఇది చెప్పాము.

కాని మామూలు సెలవు రోజుల్లో మేము చాలా చోట్లకు పోలేము. పార్కు దగ్గర "కుటుంబాలకు మాత్రమే" అని బోర్డు. హోటలులో రెండు గుమ్మాలు, ఒకటి కుటుంబాలకు, ఒకటి ఒంటరివారికి. వేరు గుమ్మాలు తప్పనిసరి కాదని 2019 డిసెంబరులో ప్రకటించారు గాని మా కాలంలో అదే నియమం. ముగ్గురు పిల్లల తండ్రులు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళి చేసినవారు, అందరమూ అక్కడ బ్రహ్మచారులమే! మా గదిలో అరవై ఏళ్ళకు దగ్గరపడిన నెల్లూరు వంటమనిషి వుండేవాడు. ఆయనను కూడా కాపలావాడు పార్కు గేటు దగ్గర ఆపి "బ్యాచిలర్, నో" అన్నాడు. ఆయన ఆ మాట భార్యకు ఫోనులో చెప్పి పడి పడి నవ్వాడు. తరువాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వరుసగా రెండు మూడు రోజులు సెలవు దొరికితే మాకు తెలిసిన గొప్ప ప్రయాణం ఉమ్రా. రియాద్ నుండి మక్కాకు దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, బస్సులో రాత్రంతా ప్రయాణం. తాయిఫ్ దగ్గర సైలుల్ కబీర్‌లో ఆగి ఇహ్రాం కట్టుకోవాలి. మూడేళ్ళలో నాలుగుసార్లు పోయాము. మన ఊళ్ళో జీవితమంతా దాచి ఒకసారి పోతారు. ఆ భాగ్యం ముందు పార్కులు, గుడారాలు ఏపాటివి! కాబాను మొదటిసారి చూసినప్పుడు అబ్బా పేరు మీద దువా చేశాము. ఫోనులో ఆ మాట చెప్పితే ఆయన, "గాజులవాడి పేరు అక్కడ వినపడిందా" అని అడిగారు.

ఇప్పుడు 2013 సంగతి. ఆ జూన్ నెలాఖరులో రాజుగారి ఉత్తర్వు వచ్చింది. గురు, శుక్ర సెలవు పోయి శుక్ర, శని సెలవు. కారణం వ్యాపారం. ప్రపంచంలో చాలా దేశాలకు శని, ఆదివారాలు సెలవు. సౌదీకి గురు, శుక్ర. ఇద్దరూ పనిచేసే రోజులు వారంలో మూడే, సోమ, మంగళ, బుధ. శనివారానికి జరిపితే నాలుగవుతాయి. పక్క దేశాలు అప్పటికే మారాయి. తరువాత 2022 జనవరిలో ఎమిరేట్స్ ప్రభుత్వం ఏకంగా శని, ఆదివారాలకు పోయింది, శుక్రవారం మధ్యాహ్నం వరకు పని పెట్టుకుంది. షార్జాలో శుక్రవారంతో కలిపి మూడు రోజులిచ్చారు. ఒక్క కలం పోటుతో వారం మారిపోతుంది. మా గోదాములో మాత్రం గురువారం ఒంటిపూట బదులు శనివారం ఒంటిపూట వచ్చింది, అంతే. మేము పెద్దగా పట్టించుకోలేదు.

ఆ సంవత్సరం బక్రీద్ అక్కడ అక్టోబరు 15, మంగళవారం. అరఫా రోజు సోమవారం నుండి కార్మిక చట్టం ప్రకారం నాలుగు రోజులు సెలవు. గురువారంతో అది ముగుస్తుంది, శుక్ర, శని ఎటూ సెలవే. ముందు శుక్ర, శని కూడా సెలవే. మధ్యలో మిగిలినది ఆదివారం ఒక్కటి. దానిని కూడా మా కంపెనీ ఆఫీసువారికి సెలవిచ్చేసింది. 11వ తేదీ శుక్రవారం నుండి 19వ తేదీ శనివారం దాకా తొమ్మిది రోజులు! కొత్త పద్ధతిలో వచ్చిన పెద్ద సెలవు. ఆఫీసువారు గురువారం సాయంత్రమే ఒకరినొకరు కౌగిలించుకుని పోయారు. కొందరు హజ్‌కు, కొందరు తమ దేశాలకు. గోదాములో మాకు నాలుగు రోజులే గాని, మేమూ సంబరపడ్డాము.

12వ తేదీ శనివారం రాత్రి ఊరి నుండి ఫోను వచ్చింది. అబ్బాకు పక్షవాతం. ఖమ్మం ఆస్పత్రిలో చేర్చారు. మాట పడిపోలేదు, సగం సగం వస్తోంది. "జుమాకు వస్తాడా" అని అడుగుతున్నారని అమ్మీ చెప్పింది.

రియాద్ నుండి హైదరాబాదుకు విమానంలో అయిదు గంటలు పట్టదు. అక్కడి నుండి ఖమ్మం రెండు వందల కిలోమీటర్లు. టికెట్టు డబ్బులు గదిలోవారు అరగంటలో పోగు చేశారు. కాని పాస్‌పోర్టు మా దగ్గర లేదు. ఆఫీసు ఇనుప పెట్టెలో వుంది. దేశం విడిచి పోయి మళ్ళీ రావడానికి కంపెనీ అనుమతి వీసా వేయించాలి. ఇనుప పెట్టె తాళం వున్నాయన హజ్‌కు పోయాడు. ఆయన మీద ఆయన సెలవు మీద తన దేశంలో వున్నాడు. ఫోను ఎత్తాడు. దుర్మార్గుడు కాడు. "అల్లాహ్ షిఫా ఇస్తాడు, ఆదివారం రాగానే మొదటి పని మీదే" అన్నాడు. ఆ నెలలో పత్రాలు సరిగా లేనివారు నవంబరు 3లోగా సరిచేసుకోవాలని గడువు వుండి, సెలవులు మొదలుకాక ముందే కచేరీల దగ్గర వేలాది మంది వరుస కట్టి వుండేవారు. ఇప్పుడు అన్నింటికీ తాళాలే. ఎవరిని అడగాలి? మేము రోజూ పోయి ఆ ఆఫీసు తలుపు ముందు నిలబడి వచ్చేవారము. మూసివున్న తలుపు ముందు ఎందుకు నిలబడ్డారని అడిగితే జవాబు లేదు.

ఈద్ రోజు పక్కనున్న సౌదీ ఇంటివారు మా గదికి మాంసం పంపారు. ఆ కూర మేము తినలేకపోయాము. మన దేశంలో ఈద్ బుధవారం, 16న. ఆ సాయంత్రం ఫోను అబ్బా చెవి దగ్గర పెట్టారు. మేము సలాం చెప్పాము. అటు నుండి ఊపిరి వినిపించింది. గురువారం ఫజ్ర్ వేళ ఆయన పోయారు. అస్ర్ తరువాత మట్టి. మేము శుక్రవారం జుమాలో గాయిబానా నమాజు చేయించమని ఇమాము సాబును అడిగాము, గదిలోవారు ఆరుగురు పక్కన నిలబడ్డారు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పెట్టె తెరిచారు. అన్న మాట ప్రకారం మొదటి పని మాదే. పాస్‌పోర్టు చేతికిచ్చి "ఇంకా పోతావా" అని అడిగారు. అమ్మీని అడిగితే, "ఇప్పుడు వచ్చి ఏం చేస్తావు బేటా, అప్పు తీర్చి రా" అంది. 2014లో వచ్చాము.

ఇది ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. పిల్లలను పంపబోయేవారు తెలుసుకోవాలని చెబుతున్నాము. పనివాడి పాస్‌పోర్టు యజమాని పట్టుకోవడం అక్కడి నియమాలకే విరుద్ధం. మాకు అప్పుడు తెలియదు, తెలిసినా అడిగే ధైర్యం వుండేదో లేదో. 2021 మార్చి నుండి ప్రైవేటు కంపెనీల పనివారు యజమాని అనుమతి లేకుండానే ఆ వీసా తీసుకునే వీలు వచ్చింది. ఇళ్ళలో పనిచేసేవారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. మన దగ్గర నుండి పోయేవారిలో ఎక్కువమంది ఏ పనికి పోతున్నారో ఈ సభలోవారికి మేము చెప్పనక్కరలేదు. కావున బయలుదేరే ముందే అడగండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర వుంటుంది, సెలవుల్లో తాళం ఎవరి దగ్గర వుంటుంది? జీతమెంత అని నాలుగుసార్లు అడుగుతాము, ఇది ఒక్కసారి కూడా అడగము. మన విదేశాంగ శాఖవారు 2015లో మదద్ అని ఒక ఏర్పాటు చేశారు. కష్టం వస్తే అందులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సంఘం ఆఫీసులో ఒక పుస్తకం పెట్టి, పరదేశంలో వున్న మన ప్రతి పిల్లవాడి పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, గదిలో వున్న ఇంకొకరి ఫోను రాసి వుంచాలని కార్యదర్శిగారిని కోరుతున్నాము.

ఇంకొక మాట వుంది. చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాము. ఈ సభలో మిర్చి తోటలున్నవారు, కమీషను దుకాణాలున్నవారు వున్నారు, మాకు కావలసినవారే. ప్రతి యేడు ఫిబ్రవరి నుండి ఛత్తీస్‌గఢ్ వైపు నుండి కూలీలు అడవి దాటి మిర్చి ఏరడానికి వస్తారు. తోటలోనే గుడిసె వేసుకుంటారు. భాష వేరు, వారం వేరు. వారికి సెలవు ఏ రోజని మనలో ఎవరైనా అడిగామా? వారి ఊళ్ళో విత్తనాల పండుగ ఎప్పుడో, సంత ఎప్పుడో మనకు తెలుసా? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ పక్కనున్న ములుగు జిల్లా మిర్చి తోటల నుండి బీజాపూర్‌కు నడిచిపోతూ పన్నెండేళ్ళ ఆడపిల్ల దారిలో చనిపోయింది. పత్రికల్లో అందరమూ చదివాము. వారికి వీసా అక్కరలేదు, నిజమే. కాని కూలి లెక్క చివరి రోజునే చూస్తామని ఆపి వుంచితే, అది కూడా ఇనుప పెట్టె కాదా? కాదనేవారు చాయి దగ్గర మాతో వాదించవచ్చు, మేము ఇక్కడే వుంటాము.

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. మా బడిలో తండ్రులు గల్ఫులో వున్న పిల్లలు నలుగురున్నారు. అక్కడ జుమా అయ్యేటప్పటికి ఇక్కడ దాదాపు మూడు గంటలు. తండ్రులకు తీరిక దొరికేది అప్పుడే, పిల్లలకు బడి వుండేదీ అప్పుడే. ఆరవ తరగతి అమ్మాయి ఒకతె ప్రతి శుక్రవారం ఆ వేళకు కడుపునొప్పి అని ఇంటికి పోతానని అడిగేది. రెండు నెలల తరువాత గాని మాకు ఆ నొప్పి ఏమిటో తెలియలేదు. ఇప్పుడు మా ఫోను నంబరు ఆ నలుగురు తండ్రుల దగ్గరా వుంది. శుక్రవారం మూడు గంటల పీరియడు మాది, లెక్కలు. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వరండాలోకి పోయి మాట్లాడి వస్తారు. ఆ రోజు లెక్కలు సగమే అవుతాయి. మా హెడ్‌మాస్టరుగారు కూడా మూడవ వరుసలో కూర్చుని వింటున్నారు గనుక ఇంతకంటే ఎక్కువ చెప్పడం మాకు క్షేమం కాదు.

వస్సలాం.